టీ కణాల పగ్గం విప్పిన మందు

ఒంట్లో పుట్టిన క్యాన్సర్ కణాన్ని రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు చాలాసార్లు గుర్తుపడతాయి, చంపనూ గలవు. అయినా కణితి పెరుగుతూనే ఉంటుంది. వాటిని ఆపుతున్నదేమిటన్న ప్రశ్నకు ఒక జవాబు అమెరికాలోని బర్కిలీలో, జేమ్స్ అలిసన్ ప్రయోగశాలలో దొరికింది. టీ కణం మీద సీటీఎల్ఏ-4 అనే ప్రొటీన్ ఉంటుంది. అది ఆ కణానికి పగ్గం. మిగతా పరిశోధకులు ఆ పగ్గాన్ని బిగించి, ఒంటి మీద ఒళ్లే తిరగబడే జబ్బులను అణచాలనుకున్నారు. అలిసన్ దాన్ని వదులు చేయాలనుకున్నారు. 1994 చివర్లో, కణితులున్న ఎలుకలకు ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చి చూస్తే కణితులు మాయమయ్యాయి. క్రిస్మస్ సెలవులనైనా చూడకుండా ప్రయోగం మళ్లీ చేశారు.

యాంటీబాడీ మందులు అప్పటికి కొత్త కాదు. ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే పద్ధతిని 1975లోనే కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ ప్రకటించారు. 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్ నేరుగా లింఫోమా అనే క్యాన్సర్ కణాలకు అతుక్కుంటుంది. అలిసన్ యాంటీబాడీకి మాత్రం క్యాన్సర్ కణంతో పనే లేదు. కంపెనీలు జంకడానికి అదో కారణం. చివరికి మెడరెక్స్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది.

అసలు చిక్కు ఆసుపత్రుల్లో ఎదురైంది. కీమోథెరపీని కొలిచేది కొన్ని వారాల్లో కణితి ఎంత తగ్గిందన్న లెక్కతో. ఈ మందు తీసుకున్న కొందరిలో కణితి ముందు ఉబ్బి, నెలల తర్వాత కరిగింది. అందుకే కణితి కొలతను పక్కన పెట్టి, రోగి ఎంతకాలం బతికాడన్నదే చూశారు. ఆ మార్పే మందును నిలబెట్టింది. ముదిరిన మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) రోగులు 676 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. మధ్యస్థ ఆయుర్దాయం 6.4 నెలల నుంచి 10 నెలలకు పెరిగింది. చూడ్డానికి చిన్న తేడాయే. కానీ తర్వాత లెక్కతీస్తే, మందు తీసుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరు మూడేళ్లు దాటారు. వారిలో చాలామంది ఆ తర్వాతా ఏళ్ల తరబడి బతికారు. ఆశకు ఆధారం అక్కడుంది. 2011లో ఇపిలిముమాబ్ అనే పేరుతో ఈ మందుకు అమెరికాలో అనుమతి లభించింది. అయితే పగ్గం వదులైన టీ కణాలు పేగులను, కాలేయాన్ని, థైరాయిడ్‌ను కూడా దెబ్బతీయగలవు. కొందరికి అది ప్రాణాంతకమైంది.

క్యోటోలో తసుకు హోంజో బృందం 1992లో పీడీ-1 అనే ప్రొటీన్‌ను ప్రకటించింది. అదీ ఒక పగ్గమేనని తర్వాత తేలింది. దాన్ని అడ్డుకునే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ 2014లో వచ్చాయి. 2018 నోబెల్ వైద్య బహుమతిని అలిసన్, హోంజో పంచుకున్నారు.

భారతదేశంలో ఈ మందులకు అసలు అడ్డంకి ధర. నివోలుమాబ్ మామూలు మోతాదు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. అందుకే ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే, నోటితో వేసుకునే క్యాన్సర్ మాత్రలతో కలిపి ఇచ్చి చూశారు. మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాది బతికింది 16 శాతం. ఈ మందు కూడా అందినవారిలో 43 శాతం.