డెస్క్‌టాప్ సీఎన్‌సీ యంత్రాల స్థాయి పెంపు: పరిమితులు

డెస్క్‌టాప్ సీఎన్‌సీ అంటే కంప్యూటర్ ఆదేశాలతో చెక్క, ప్లాస్టిక్, మెత్తని లోహాలను చెక్కే బల్లమీది చిన్న యంత్రం. 1952లో అమెరికాలోని ఎంఐటీ ప్రదర్శించిన సంఖ్యా నియంత్రిత మిల్లింగ్ యంత్రం దీనికి మూలం. వాడుకలో ఉన్న 3018 నమూనా పని వైశాల్యం 300×180 మి.మీ.

ఉక్కు కోయడానికి కట్టర్‌ను తిప్పే స్పిండిల్ శక్తి పెంచితే సరిపోదు. అసలు కొరత దృఢత్వానిది. స్పిండిల్‌ను మోసే గుండ్రటి కడ్డీ వ్యాసం రెట్టింపైతే వంపు 16వ వంతుకు తగ్గుతుంది, పొడవు రెట్టింపైతే 8 రెట్లు పెరుగుతుంది. బరువైన స్పిండిల్ సన్నని కడ్డీలను మరింత వంచుతుంది. అప్పుడు కట్టర్ కోయక రాసుకుంటుంది. ఆ రాపిడికి స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంకా గట్టిపడుతుంది. యంత్రాన్ని కదిలించే స్టెప్పర్ మోటార్ అడుగు తప్పినా, స్థానాన్ని కొలిచే ఎన్‌కోడర్ లేని యంత్రం గుర్తించదు. అల్యూమినియం మాత్రం పలుచని కోతలతో సాధ్యమే. సికింద్రాబాద్‌లో 1943లో మొదలైన ప్రాగా టూల్స్ వంటి కర్మాగారాల మిల్లింగ్ యంత్రాల్లో ఉక్కు కోత బలాన్ని భరించేది బరువైన పోతఇనుప చట్రం.