క్యారేజీ మోసిన చేతులు

ఉదయము పదకొండున్నర ప్రాంతమున బొంబాయి చర్చిగేటు స్టేషను వెలుపల నిలిచినచో ఒక దృశ్యము కనబడును. తెల్లని గాంధీటోపీ ధరించిన మనిషి ముప్పది, నలుబది క్యారేజీలు పేర్చిన పొడవైన చెక్కతట్టను నెత్తిన బెట్టుకొని, జనసమ్మర్దములో దారి చేసికొనుచు పరుగిడుచుండును. అతడే డబ్బావాలా. ఒకరి యింటి అన్నమును అదే యింటివారికి కచేరీలో అందించి, ఆ పని ముగిసిన పిదపగాని తాను భోజనమునకు కూర్చుండడు.

ఈ వృత్తికి 1890 ప్రాంతమున మహదేవ్ హావాజీ బచ్చే సుమారు నూరుగురు మనుష్యులతో శ్రీకారము చుట్టెనందురు. వీరిలో అధికులు పూనా జిల్లా కొండప్రాంతముల రైతుబిడ్డలు. ఉద్యోగి తెల్లవారుజామున రైలెక్కు వేళకు ఇంట వంట కాదు. దేశము నలుమూలల నుండి వచ్చినవారి రుచులు, ఆచారములు వేర్వేరు. ఇంటి అన్నమునకు అంత గిరాకి కలుగుటకు కారణ మిదియే. చదువురాని మోతగాండ్రకు రంగులు, గుర్తులు, అంకెలే అక్షరములు. ఏ స్టేషనులో దింపవలెను, ఏ భవనములో ఎన్నవ అంతస్తునకు చేర్చవలెను అన్నది క్యారేజీ మూతపైననే యుండును.

వీరు పొరపాటు చేయరని పత్రికలు లెక్కలు గట్టి పొగడినవి. ఆ లెక్కలపై మాకు అంత నమ్మకము లేదు. మమ్ము ఆకర్షించినది వారి జమాఖర్చు. ఒక జట్టు వసూలు చేసిన నెలసరి రుసుములో ఖర్చులుపోగా మిగిలినది జట్టువారందరు రమారమి సమానముగ పంచుకొందురు. క్రొత్తవాడు వాటా సొమ్ము చెల్లించి చేరును. చేరిన పిదప అతడు కూలివాడు కాదు, హక్కుదారు. 1956లో వీరు ధర్మసంస్థ నొకదానిని రిజిస్టరు చేయించిరి. అయితే దీనిని స్వర్గముగ వర్ణింపరాదు. రాబడి స్వల్పము, బరువు అధికము. బంధుత్వమో స్వగ్రామమో లేనివానికి జట్టులో చోటు దొరకుట కష్టము.

2020 మార్చిలో మహమ్మారి కారణమున లోకలు రైళ్ళు నిలిచెను. కచేరీలు మూతపడెను. నూటముప్పది సంవత్సరముల వృత్తి ఒక్క వారములో స్తంభించెను. అనేకులు పల్లెలకు మరలి సేద్యమో కూలియో చూచుకొనిరి. రైళ్ళు తిరిగి నడచినను, పూర్వపు గిరాకి పూర్తిగ మరలి రాలేదు.

అప్పటికే నగరములలో మరియొక మోతగాడు ప్రవేశించి యుండెను. 2014లో బెంగుళూరున స్విగ్గీ ప్రారంభమైనది. అనతికాలముననే హైదరాబాదు, విజయవాడ వీథులలో వీపున పెట్టె తగిలించుకొన్న యువకులు కనబడసాగిరి. ఇచ్చట బంధుత్వము అక్కరలేదు. బండియు, ఫోనును ఉన్నచో చేరవచ్చును. కళాశాల జీతము కట్టుకొను విద్యార్థియు, పని పోయిన గుమాస్తాయు చేరుచున్నారు. ఇది చిన్న మేలు కాదు. కాని బండి అతనిది, పెట్రోలు అతనిది, దెబ్బయు అతనిదే. పేరు మాత్రము 'డెలివరీ పార్టనరు', అనగా భాగస్వామి! డబ్బావాలాకు ఆ పేరు లేదు, భాగము కలదు.

ఒక వానరాత్రి మా కేంద్రమునకు అన్నము తెచ్చిన యువకుని, “ఈ వానలో ఎట్లు వచ్చితివి బాబూ?” అని యడిగితిమి. “వాన పడితే ఆర్డర్లు బాగా వస్తాయి సార్. బండి జారిందంటే మాత్రం ఆ వారం పోయినట్టే” అనెను. అతని మోచేతికి పాత కట్టు ఉండెను.

ఆ కట్టు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న శాసనసభల వరకు పోయినది. 2023లో రాజస్థాను ఈ పనివారికై ప్రత్యేక చట్టము చేసెను. ఆ యేటి డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము 5 లక్షల రూపాయల ప్రమాదబీమా ప్రకటించెను. 2020 నాటి కేంద్ర సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము యాప్ కంపెనీలు తమ వార్షిక వ్యాపారములో 1 నుండి 2 శాతము పనివారి సంక్షేమనిధికి చెల్లింపవలెను. అది పనివారికి ఇచ్చిన సొమ్ములో 5 శాతమునకు మించరాదు. అదే స్మృతి ఈ పనిని యజమాని–ఉద్యోగి సంబంధమునకు వెలుపలి పనిగ నిర్వచించినది.