కంచె మీది అత్తరు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట తీరాన ఇసుక దిబ్బల మీదా కొబ్బరితోటల గట్ల మీదా మొగలి పొదలుంటాయి. ఊడలు దించి ఇసుకను పట్టి ఉంచడం, ముళ్ల ఆకులతో పశువుల్ని అడ్డుకోవడం: మన పక్క దాని కొలువు ఇంతే. సరిహద్దు దాటి గంజాం జిల్లాలోకి వెళ్తే అదే పొద పువ్వు బట్టీకెక్కి అత్తరవుతుంది.

నిజానికి ఆ సరిహద్దు నిన్నమొన్నటిది. ఒకప్పుడు శ్రీకాకుళం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోదే. 1936 ఏప్రిల్ 1న బరంపురం, ఛత్రపురం ఒడిశాకు పోయాయి. ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం విశాఖపట్నం జిల్లాలో చేరాయి. 1950లో శ్రీకాకుళం విడి జిల్లా అయింది. పాత జిల్లా పేరు అటే ఉండిపోయింది, దాంతోపాటు పరిమళం పేరూ: భౌగోళిక గుర్తింపు దక్కింది ‘గంజాం కేవడా’కే. కేవడా అంటే మొగలే.

మొగలి వాసన మోజు మాత్రం ఈ గీతలన్నిటికంటే పాతది. పన్నెండో శతాబ్దపు కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసం’లో అభ్యంగన స్నానానికి చెప్పిన నూనెల్లో మొగలి వాసన పట్టించినదీ ఉంది. నువ్వుల్నీ పూలనూ పొరలుగా పేర్చి, పూలు వాడగానే కొత్తవి మార్చి, వాసన ఎక్కిన నువ్వుల్ని గానుగ ఆడించడం మన దేశపు పాత పద్ధతి. ఆ నూనె తలకూ ఒంటికీ రాసేవారు. తలనొప్పికి, కీళ్ల నొప్పులకు మర్దనా చేయడం నాటువైద్యంలో ఇప్పటికీ ఉంది. శివుడు శపించి పూజకు దూరం పెట్టిన పువ్వును ఆడవాళ్లు జడలో ముడిచారు, రేకులు పట్టుచీరల మడతల్లో దాచారు. దేవుడి కోపాన్ని మన ఇళ్లు అంతవరకే పట్టించుకున్నాయి.

వాసనంతా మగ పొదదే. ఆడ పొద అనాసలాంటి కాయ కాస్తుంది గానీ దాని పూతకు పరిమళం లేదు. మగ పొత్తి వానాకాలంలో జోరుగా వస్తుంది. విచ్చీ విచ్చకముందే తెల్లవారుజామున కోయాలి. ఆ వాసనకు పాములు చేరతాయన్న భయం కోతగాళ్లకు ఉండనే ఉంటుంది. వాటిని రప్పించేది వాసన కాదని, పొద కింది ఎలుకలూ కప్పలూ అని నా అనుమానం.

కోసిన పొత్తి వాసన గంటల్లో తరిగిపోతుంది. అందుకే పువ్వు ఊరు దాటలేదు, బట్టీయే పొద దగ్గరికి వచ్చింది. కన్నౌజ్ అత్తరువాళ్ల పద్ధతే ఇక్కడా: డేగ్ అనే రాగి బానలో పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీటి తొట్టిలో ఉన్న భప్కా అనే పాత్రలోకి దిగుతుంది. భప్కాలో ముందే గంధం నూనె పోసి ఉంచితే అత్తరు, ఏమీ కలపకుండా తీసిన నూనె ‘రూహ్’, నీళ్లు పట్టుకుంటే బిర్యానీలోకీ మిఠాయిల్లోకీ వెళ్లే కేవడా జలం. గంధం ధర కొండెక్కాక చౌక అత్తర్లలో ఆ చోటు లిక్విడ్ పారాఫిన్‌కు దక్కింది.

ఈ వాసనలో పెద్దపాలు ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్‌ది. అది ఫ్యాక్టరీలోనూ తయారవుతుంది కాబట్టి, బజారులో దొరికే చవక ఎసెన్సు సీసాలో మొగలి పువ్వు ఉండాలనేం లేదు. అయినా బట్టీలకు పువ్వు కావాలి. రైతు గట్టు మీద నాటేటప్పుడు విత్తు జోలికి పోడు. విత్తు నుంచి మగా రావచ్చు, ఆడా రావచ్చు. మగ పొద పిలకే తెచ్చి పాతుతాడు.