గుడ్డ కరువులో ప్యారిస్ పెట్టిన బొమ్మల కొలువు

1945 మార్చి నెలాఖరు. ప్యారిస్‌కు జర్మన్ల చెర వదిలి ఏడు నెలలైంది కానీ యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. బొగ్గు దొరకదు, కరెంటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. తిండికీ బట్టకీ కూపన్లే దిక్కు. అలాంటి రోజుల్లో లూవ్ర్ భవనంలో ఒక ఫ్యాషన్ ప్రదర్శన మొదలైతే లక్ష మంది దాకా వచ్చి చూశారు. అందులో నడిచి చూపించే అమ్మాయిలెవరూ లేరు. తీగ వంచి చేసిన బొమ్మలున్నాయి. ఎత్తు సుమారు 70 సెంటీమీటర్లు. వాటి ఒంటి మీద ప్యారిస్‌లోని పేరుమోసిన ఫ్యాషన్ సంస్థలు కుట్టిన సరికొత్త దుస్తులు.

ఆ ప్రదర్శన పేరు ‘తెయాత్ర్ ద లా మోద్’. నలభైల, యాభైల నాటి దుస్తులంటే నాకు ప్రాణం. ఆనాటి సినిమాలు, పత్రికల ముఖచిత్రాలు, టోపీలు, చేతిసంచులు ఏవి కనబడినా అక్కడే ఆగిపోతాను. ఆ ఇష్టంతో చదివినవాటిలో నా మనసులో గట్టిగా పాతుకున్నది ఈ బొమ్మల కథే. ఘేరు గౌన్లు, సన్నటి నడుములు, మోచేతి దాకా తొడుగులు అనగానే మనకు గుర్తొచ్చే ఆ వైభవమంతా చాలినంత గుడ్డ లేని చోట మొదలైందని ఈ కథ చెబుతుంది.

1940లో ప్యారిస్‌ను ఆక్రమించుకున్న జర్మన్లు ఆ ఊరి ఫ్యాషన్ పరిశ్రమను మొత్తంగా బెర్లిన్‌కూ వియన్నాకూ తరలించాలని చూశారు. ఫ్యాషన్ సంస్థల సంఘానికి అప్పట్లో లూసియెన్ లెలాంగ్ అధ్యక్షుడు. ఈ పనితనం ప్యారిస్‌లో తప్ప ఇంకెక్కడా బతకదని వాదించి, ఎన్నో చర్చలు జరిపి దాన్ని అక్కడే నిలబెట్టాడు. పరిశ్రమ నిలిచింది కానీ సరుకు మిగల్లేదు. తోలు కొరతతో ఆడవాళ్లు చెక్క అడుగుల బూట్లు వేసుకుని తిరిగారు. మన దగ్గరా అవి కంట్రోలు రోజులే. 1943లో నూలు మీదా బట్టల మీదా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. కంట్రోలు బట్ట కోసం వరసలో నిలబడ్డ పెద్దల మాటలు విన్నవాళ్లకు ఆనాటి ప్యారిస్ అవస్థ వేరే చెప్పనక్కర్లేదు.

విముక్తి వచ్చాక యుద్ధ బాధితులకు విరాళాలు పోగు చేయాలి, ప్యారిస్ సూది ఇంకా ఆడుతోందని లోకానికి చాటాలి. నిండు మనిషికి కుట్టడానికి గుడ్డ చాలదు కాబట్టి బొమ్మలకు కుడదామన్నాడు రోబేర్ రిచ్చి. ఆయన ఫ్యాషన్ రూపకర్త నీనా రిచ్చి కుమారుడు. ఎలియాన్ బొనబెల్ అనే యువ చిత్రకారిణి బొమ్మల రూపం గీసింది. శిల్పి జువాన్ రెబుల్ తలలు చేశాడు. వాటి మొహాలకు రంగులు పూయలేదు. ఒళ్లు ఖాళీ తీగ కావడంతో చూపు నేరుగా దుస్తుల మీదికే పోతుంది. బాలెన్సియాగా, స్కియాపరెల్లి వంటి 60 దాకా సంస్థలు ముందుకొచ్చాయి. రంగస్థలం అమర్చినవాళ్లలో కవి జాఁ కొక్తో కూడా ఉన్నాడు.

నాకు ఊపిరి ఆగినంత పనయ్యేది ఆ కుట్టు దగ్గర. బొమ్మే కదా అని ఎవరూ చేయి జార్చలేదు. గుండీలు పైపైన అతికించినవి కావు, కాజాల్లోంచి తీసి పెట్టుకునేవే. పైకి కనబడకపోయినా లోపల లోదుస్తులు కూడా కుట్టారు. చేతిసంచి తెరిస్తే అందులో బుల్లి పౌడరు డబ్బా. బూట్లు, గొడుగులు, టోపీలు, తొడుగులు అన్నీ ఆ కొలతకే చేసినవి. కార్టియే వంటి నగల వ్యాపారులు ఆ కొలతకు అసలు నగలే చేయించారు. చలికి కొంకర్లు పోయే వేళ్లతో, కరెంటు ఉన్న గంటల్లో ఈ పని చేసిన కుట్టుపనివాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆకలి రోజుల్లో ఈ సోకులేమిటని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ సూదే వాళ్ల అన్నం. విదేశాల కొనుగోలుదారులు తిరిగి వస్తేనే వాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగేది.

అందుకే బొమ్మలు దేశాలు తిరిగాయి. లండన్, కోపెన్‌హాగన్, స్టాక్‌హోమ్, వియన్నా చూసి 1946లో న్యూయార్క్ చేరాయి. యుద్ధకాలంలో ప్యారిస్ దారి మూసుకుపోయి అమెరికా తన సొంత ఫ్యాషన్ పెంచుకుంది మరి. ఆ గిరాకీని మళ్లీ తమవైపు తిప్పుకోవడం ప్యారిస్‌కు అవసరం. చివరి మజిలీ శాన్‌ఫ్రాన్సిస్కో. అక్కడి నుంచి నగలు ప్యారిస్‌కు తిరిగి వెళ్లాయి, బొమ్మలు ఒక పెద్ద దుకాణం నేలమాళిగలో ఉండిపోయాయి.

ఈలోగా లోకం కళ్లు ఇంకోవైపు తిరిగాయి. లెలాంగ్ దగ్గర పనిచేసిన క్రిస్టియన్ డియోర్, నూలుబట్టల వ్యాపారి మార్సెల్ బుసాక్ పెట్టుబడితో సొంత సంస్థ పెట్టి 1947 ఫిబ్రవరి 12న తొలి ప్రదర్శన ఇచ్చాడు. ‘న్యూ లుక్’ అని పేరుపడ్డది అదే. బిగుతు నడుము, పిక్కల దాకా దిగే ఘేరు. పొదుపుకు అలవాటుపడ్డ కళ్లకు అంత గుడ్డ చూస్తే కోపం కూడా వచ్చింది. ప్యారిస్ వీధిలో ఫొటోలు తీస్తుండగా ఒక మోడల్ మీద పడి ఆడవాళ్లే ఆమె గౌను చించారు. 1942లో రాయబారం పట్టుకుని మన దేశానికి వచ్చిన క్రిప్స్ దొర అప్పటికి బ్రిటన్ వాణిజ్య మంత్రి. ఇది వృథా ఖర్చని ఆయన మండిపడ్డాడు. అక్కడ బట్టల రేషన్ 1949 మార్చి దాకా ఎత్తేయలేదు. అయినా బ్రిటన్ ఆడవాళ్లు పాత లంగాలకు అడుగున వేరే గుడ్డ అతికి పొడవు పెంచుకున్నారు. ఆ అతుకు గుడ్డల లంగాలు డియోర్ గౌనుకు ఏమాత్రం తీసిపోవని నా నమ్మకం.

బొమ్మల్ని 1952లో వాషింగ్టన్ రాష్ట్రంలోని మేరీహిల్ మ్యూజియానికి ఇచ్చారు. కొలంబియా నదికి ఎగువన, జనసంచారం తక్కువగా ఉండే కొండమీద ఉంటుంది ఆ భవనం. ప్యారిస్ మాత్రం అవి నాశనమై ఉంటాయనే అనుకుంది. 1980లలో కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయ చరిత్రకారుడు స్టాన్లీ గార్‌ఫింకెల్ వాటి ఆచూకీ పట్టుకున్నాక గానీ మళ్లీ కదలిక రాలేదు. తర్వాత వాటిని ప్యారిస్ తీసుకెళ్లి బాగుచేశారు. పాత రంగస్థలాలు దొరకనందున కొత్తగా కట్టించారు. 1990లో అక్కడ ప్రదర్శించాక అవి మేరీహిల్‌కే తిరిగొచ్చాయి.

సియాటిల్‌లోనో పోర్ట్‌లాండ్‌లోనో పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులు ఇప్పుడు ఎందరో. పోర్ట్‌లాండ్ నుంచి తూర్పుకు సుమారు 100 మైళ్లు ప్రయాణిస్తే మేరీహిల్ వస్తుంది. చలికాలంలో మూసేస్తారు కాబట్టి మార్చి మధ్య నుంచి నవంబరు మధ్య లోపల వెళ్లాలి. బొమ్మలన్నిటినీ ఒక్కసారే పెట్టరు, వంతులవారీగా చూపిస్తారు. కుట్టుపని తెలిసినవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే వాళ్లను తప్పకుండా వెంట తీసుకెళ్లండి.