చదరంగపు గింజలు: ఒక పద్యంలోని లెక్క

పావులూరి మల్లన మన సాహిత్య చరిత్రల్లో సాధారణంగా ఒక్క పేరాకు మించి కనిపించడు. మహావీరాచార్యుని 'గణితసార సంగ్రహా'న్ని తెనిగించాడని ఒక వాక్యం. ఆయన నన్నయకు సమకాలికుడా, తరువాతివాడా అన్న వివాదంతో మిగిలిన పేరా గడిచిపోతుంది. గణితం కవిత్వం కాదు గనుక విమర్శకుడికి దానితో పని లేదన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. దానితో నేను ఏకీభవించను.

మల్లన పేర వ్యాప్తిలో ఒక చంపకమాల ఉంది. చదరంగం పలక తొలి గడిలో ఒక గింజ, తరువాతి గడిలో రెండు, ఆపైన నాలుగు, ఇలా 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని అన్నది దాని విషయం. జవాబు 18446744073709551615. ఈ ఇరవై అంకెలూ మాటలుగా మారి, ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తాయి. సంఖ్యలో నాలుగు అనే అంకె నాలుగుసార్లు వస్తుంది. పద్యంలో అది రెండుసార్లు సముద్రం, ఒకసారి వేదం, ఒకసారి బ్రహ్మ ముఖం. మూడు ఏడులూ మూడు కొండలే, పేర్లు మాత్రం వేరు. గణాలూ యతిప్రాసలూ ఏ పర్యాయపదాన్ని అడిగితే కవి దాన్ని ఇచ్చాడు, అంకెను మాత్రం చెదరనివ్వలేదు. అంకె తప్పితే ఛందస్సు పట్టుకోలేదు, లెక్కే పట్టుకోవాలి. నేను వేసి చూశాను. రెండును ఆరుసార్లు వరుసగా వర్గం చేసి ఒకటి తీసివేస్తే సరిగ్గా ఇదే వస్తుంది.

ఇది మన ఒక్కరి సొత్తు కాదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ అరబ్బీలో ఇదే మొత్తాన్ని ఇచ్చాడు. యూరపు గణితంలోనూ దీని భాజకం ఒకటి పేరు పొందింది. 4294967297 ప్రధాన సంఖ్యే కావాలని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపాడు.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన గుణం మరొకటి. ఏ గడి తీసుకున్నా, అందులోని గింజలు అంతకు ముందున్న గళ్లన్నిటి మొత్తం కంటే ఒకటి ఎక్కువ. గింజ బరువు 20 మిల్లీగ్రాములనుకుంటే, సగం పలకకు, అంటే 32 గళ్లకు, దాదాపు 86 టన్నులు. ఏ రాజైనా ఇవ్వగలడు. మొత్తం పలకకు సుమారు 36,900 కోట్ల టన్నులు. నేటి ప్రపంచమంతా ఏటా పండించే బియ్యం 50 కోట్ల టన్నులని ఉజ్జాయింపుగా తీసుకున్నా, ఇది ఏడు వందల ఏళ్లకు పైబడిన పంట!

చదరంగం కనిపెట్టినవాడు రాజును ఈ గింజలు అడిగాడని కథ. అడిగినవాడి తెలివినీ, ఇస్తానన్న రాజు అజ్ఞానాన్నీ చెప్పుకుని మనం మురిసిపోతాం. ఆ గింజలు పండించవలసినవాడు కథలో ఎక్కడా లేడు. రెట్టింపు లెక్క రాజుకు వినోదం కావచ్చు, అప్పుపడ్డ రైతుకు కాదు. మన పల్లెల్లో నాగుకు ధాన్యం తెచ్చుకున్నవాడికి ఈ లెక్క పద్యం లేకుండానే తెలుసు. కల్లంలో ఒకటికి ఒకటిన్నర కొలవాలి. కొలవలేకపోతే ఆ అర కూడా అసలులో కలుస్తుంది. ఎనిమిది పంటలు అలా తప్పితే ఒక్క బస్తా అప్పు ఇరవై అయిదు బస్తాలు దాటుతుంది.