బైరాన్‌పల్లి బురుజు

ఏలూరునుండి చింతలపూడి మీదుగా సత్తుపల్లికి పోవువారు రెండు రాష్ట్రముల నడుమ నాటిన పలకనైనను గమనింపరు. 1948 వఱకు అది పరదేశయాత్ర. ఈవల ఆంగ్లేయుల రూపాయి, ఆవల నిజాము హాలీ సిక్కా. నడుమ కరోడ్‌గిరి నాకా. కొల్లేటి ఎండుచేపల గంపలను సైతము విప్పించి సుంకము గొనెడివారని ఆకివీటి వాస్తవ్యులగు మా తాతగారు చెప్పుచుండెడివారు.

నేడు మనవారు జర్మనీకేగి, 1933లో హిట్లరు ప్రభుత్వము నెలకొల్పిన డాఖౌ నిర్బంధ శిబిరమును దర్శించి, ఛాయాచిత్రములతో మరలుచున్నారు. మెచ్చదగినదే. కాని తాతలకు పరదేశమై మనకు స్వదేశమైన చోట నిరంకుశత్వము మిగిల్చిన గుర్తులను చూచినవారు మన యిండ్లలో నెందఱు? తాడేపల్లిగూడెములో పిల్లలకు చరిత్ర చెప్పు నేనును నలువదియేండ్లు దాటువఱకు చూడలేదు. గడచిన వేసవి సెలవులలో మా అమ్మాయిని వెంటబెట్టుకొని ఖమ్మము, సూర్యాపేటల మీదుగా పోయి, జనగామ ప్రాంతమున కడవెండిని, పిమ్మట సిద్ధిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిని చూచి వచ్చితిని.

కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దేశముఖు మనుష్యులు దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిరి. నిజాము ఏలుబడిని మతభేదముతోనే వివరింపబూనువారు ఇచ్చట కొంచెము నిలువవలెను. ఆ దేశముఖు హిందువు. రైతుచేతినుండి భూమిని లాగుకొని వానిచేతనే వెట్టి చేయించుకొనిన దొరలు ఆ సింహాసనమునకు కాళ్ళవంటివారు. ఇఁక రజాకార్ల దౌర్జన్యమును తన పత్రికలో ఖండించినందులకు 1948 ఆగస్టులో హైదరాబాదు వీథిలో హతుడైన షోయబుల్లాఖాను ముసల్మాను. ఈ రెండు పేర్లను ఒక్కచోట చెప్పనిదే నాటి చరిత్ర నా విద్యార్థులకు అర్థము కాదు.

బైరాన్‌పల్లిలో బురుజు నేటికిని నిలిచియున్నది. గ్రామస్థులు దళముగా నేర్పడి, దానిపైనుండి కావలి కాచి, శత్రువు వచ్చినపుడు నగారా మ్రోగించెడివారు. ఆ విధముగా రజాకార్లను మునుపే వెనుకకు తఱిమిరి. ఆ కసితో 1948 ఆగస్టు 27వ తేదీ తెల్లవారుజామున వారు నిజాము సైనికులతో, పోలీసులతో గూడి వచ్చి ఊరిపై బడిరి. మగవారిని వరుసగా నిలిపి కాల్చిరి, స్త్రీలను చెఱచిరి. మృతులు ఎనుబదికి పైబడినవారు; సంఖ్య మాత్రము పుస్తకమున కొక తీరుగా నున్నది. మూడు వారములలో, సెప్టెంబరు 17న, నిజాము లొంగిపోయినాడు.

స్తూపముమీది పేర్లను అమ్మాయి గట్టిగా చదువుచు, నడుమ నాగి, “మరి ఆ రాజుకు ఏ శిక్ష పడినది, నాన్నగారూ?” అని యడిగినది. పాఠములో ఎన్నడును చెప్పని సంగతి నాచేత చెప్పించినది. శిక్ష లేదు. 1950 జనవరి 26న ఆయనే హైదరాబాదు రాష్ట్రమునకు రాజప్రముఖుడై 1956 అక్టోబరు 31 వఱకు ఆ పదవియందుండెను. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ 1957 వఱకు చెఱలోనుండి, విడుదలయై పాకిస్తానమునకు పోయినాడు.

ఇంతటితో ముగించినచో సగమే చెప్పినవాడనగుదును. పోలీసుచర్య వెనుకనే పగతీర్చుకొనుట మొదలైనది. నెహ్రూ ప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము, కనీసము 27,000 మంది మొదలు 40,000 మంది వఱకు ప్రాణములు కోల్పోయిరని అంచనా వేసినది. వారిలో ఎక్కువమంది ముసల్మానులు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు మండలములు మిక్కిలి దెబ్బతినినవి. ఏ రజాకారునకును సంబంధము లేని బీదవారును అందున్నారు. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రజల కంటబడలేదు. బైరాన్‌పల్లి మృతులకు పేర్లు చెక్కిన రాయి యున్నది. ఆ వేలమంది పేర్లు చెక్కవలెనన్న మాట నేను చదివిన పాఠ్యపుస్తకములలో నెచ్చటను లేదు. ఇది చెప్పినచో మొదటి ఘోరము పలుచనగునని మిత్రుడొకడు వాదించినాడు. నాకట్లు తోచలేదు, లెక్క రెండువైపుల వ్రాసినపుడే కదా బురుజుమీద విన్నదానిని పిల్లలు నమ్మెదరు.

తిరుగుప్రయాణమున సత్తుపల్లి దాటునప్పటికి చీకటిపడినది. తాతగారి కాలమున గంపలు విప్పించిన నాకా ఎచ్చటనుండెనో చూపుమని అమ్మాయి అడిగినది. నేను చూపలేకపోతిని.