రైలు రాని ఊరు: అస్కానియా నోవా

2022లో పొద్దుతిరుగుడు నూనె రేటు ఒక్కసారి ఎగబాకింది, గుర్తుంది కదా. ఉక్రెయిన్‌లో యుద్ధం వచ్చి నల్ల సముద్రం రేవులు మూతపడ్డాయి. యుద్ధానికి ముందు మన దేశానికి వచ్చే ఆ నూనెలో పెద్ద వాటా అక్కడిదే. ఆ రేవుల వెనక చెట్టూ పుట్టా లేని గడ్డి మైదానం ఉంది. దాని మధ్యలో ఉన్న అస్కానియా నోవా అనే చిన్న ఊరి సంగతి ఇది.

1828లో రష్యా చక్రవర్తి మొదటి నికొలాయ్, జర్మనీలోని అన్‌హాల్ట్ అనే చిన్న సంస్థానం రాజుకు ఇక్కడ లక్ష ఎకరాలకు పైగా భూమి ఇచ్చాడు. ఆ రాజవంశం పేరే ఊరికి పెట్టారు. జర్మనీ నుంచి మెరినో గొర్రెల మందల్ని కాలినడకన తోలుకొచ్చారు. నెలల తరబడి నడక!

అంత నేల ఉండి గోధుమ వేయకుండా గొర్రెలెందుకు అని మీకు అనిపించవచ్చు. వాన తక్కువ, ఏడాదికి 400 మిల్లీమీటర్ల లోపు మాట. కానీ అంతకంటే పెద్ద కారణం దారి. సముద్రపు రేవు దూరం. ఎడ్లబండి రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్లు పోతుంది. బస్తాల గోధుమ తీసుకెళ్తే బండి కిరాయికే సగం పోతుంది. ఉన్ని అలా కాదు, బరువు తక్కువ, విలువ ఎక్కువ. గొర్రెనైతే మోసే పనే లేదు, తనే నడుస్తుంది. దారి లేని చోట ఏం పెంచాలో అక్కడివాళ్ళకు బాగా తెలుసు.

అయినా రాజుగారికి లాభం రాలేదు. దూరాన కూర్చుని కౌలు పెత్తనం చేస్తే అంతే మరి. 1856లో ఆ ఎస్టేటును ఫైన్ అనే జర్మన్ వలస కుటుంబం కొనుక్కుంది. వీళ్ళు అక్కడే ఉండి గొర్రెలు పెంచినవాళ్ళు.

1874లో క్రిమియాకు రైలు పడింది. ఉప్పు, ధాన్యం మోసే చుమాకులు అనే బండివాళ్ళ బతుకు అలా రైళ్ళు వచ్చేకొద్దీ ముగిసింది. రైలుతో పాటు నాగలీ వచ్చింది. ధాన్యం రేవుకు చేరే వీలు దొరికాక గడ్డి నేలలన్నీ దున్నేశారు. ఆస్ట్రేలియా ఉన్ని పోటీ ఒకటి. అస్కానియాకు మాత్రం రైలు రాలేదు, ఆ లైను 60 కిలోమీటర్ల పైన తూర్పున ఆగిపోయింది. 1890ల చివర్లో ఆ కుటుంబం పెద్దావిడ సోఫియా ఫాల్ట్స్‌-ఫైన్, ఖోర్లీ దగ్గర సొంతంగా రేవే కట్టించింది. సర్కారు కోసం ఎదురుచూడలేదు. ఆమె కొడుకు ఫ్రీడ్రిఖ్ అదే కాలంలో, 1898లో, కొంత గడ్డి నేలను దున్నకుండా వదిలేసి కంచె వేశాడు. చుట్టూ అంతా సాగైపోతుంటే బీడు వదిలాడంటే ఊళ్ళోవాళ్ళు ఏమనుకుని ఉంటారో! ఈనాడు దున్నని ఆ నేల 27 వేల ఎకరాలు.

విప్లవం వచ్చాక 1919లో సోఫియాను ఖోర్లీలోనే చంపేశారు. కొడుకు జర్మనీ వెళ్ళిపోయి మరుసటి ఏడాది పోయాడు.

2022 ఫిబ్రవరి చివర్లో రష్యా సేన వచ్చాక అస్కానియా, ఖోర్లీ రెండూ దాని చేతికిందకు పోయాయి. ఆ జూలైలో కుదిరిన ధాన్యం ఒప్పందంతో ఒడెస్సా వైపు మూడు రేవుల నుంచి ఓడలు కదిలాయి, ఏడాదికి అదీ ఆగింది. ఖోర్లీ రేవు ఆ మూడింటిలో లేదు.